గంపలతో మోసిన నేల

అట్లాంటిక్ అంచున ఐర్లాండ్ దీవి ఇనిష్ మోర్. పొద్దున పడవెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. వెళ్లినవాళ్లంతా కొండ అంచు చూసి వస్తారు. అసలు వింత దారి పక్కనే, గడ్డి కింద ఉంది.

దారి పక్కన రాతిగోడ, దానికి గేటు లేదు. ఇవతల దారి మీద ఒక ఆవు, దాని వెనక డెబ్బై దాటిన పెద్దాయన. అవతల చిన్న మడిలో పచ్చగడ్డి. గోడలో ఒకచోట రెండు రాళ్లు నిలువుగా పాతి, వాటి మధ్య గుండ్రటి రాళ్లు వదులుగా పేర్చి ఉన్నాయి. ఆయన వంగి ఒక్కో రాయీ తీసి పక్కన పెట్టాడు. ఆవుకిది అలవాటే కాబోలు, తోక ఊపుకుంటూ నిలబడింది. దారి పడగానే లోపలికి నడిచింది. ఆయన మళ్లీ వంగి తీసిన రాళ్లన్నీ తిరిగి పేర్చాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, మా మినీ బస్సు వైపు ఓసారి తలూపి వెళ్లిపోయాడు. అంతా కలిపి ఐదారు నిమిషాలు. ఆ తర్వాత చూస్తే అక్కడ దారి ఉందంటే ఎవరూ నమ్మరు.

“ఒక గేటు పెట్టించుకుంటే పోయేది కదా మావయ్యా!” అంది మా మేనకోడలు. తెలుగు రాకపోయినా డ్రైవర్‌కు ప్రశ్న అర్థమైనట్టే ఉంది. ప్రతి ట్రిప్పులో ఎవరో ఒకరు అడిగేదే మరి. “చెట్లున్న ఊళ్లో గేట్లుంటాయండీ. మాకున్నది రాయి” అన్నాడు.

నేను కోనసీమలో పుట్టినవాణ్ని. మా లంకల్లో నాలుగు రాళ్లు కావాలంటే ఎక్కడినుంచో తెప్పించుకోవాలి. మట్టికి మాత్రం లోటు లేదు, వరద వచ్చినప్పుడల్లా గోదారి ఒండ్రు పోసి వెళ్తుంది. అలాంటివాడికి, ఈ దీవిలో మట్టిని మనుషులే తయారుచేసుకున్నారని చెబితే మొదట నవ్వొచ్చింది. సాయంత్రం తిరుగు పడవెక్కేసరికి ఆ నవ్వు లేదు.

నలభై నిమిషాల సముద్రం

మేనకోడలు ఉద్యోగం చేసేది గాల్వేలో. ఐర్లాండ్ పశ్చిమ తీరంలో పెద్ద ఊరది, డబ్లిన్ నుంచి రైల్లో రెండున్నర గంటలు. గాల్వే అఖాతం నోటి దగ్గర, తలుపుకు అడ్డగడియ వేసినట్టు వరసగా మూడు దీవులుంటాయి. వాటినే అరాన్ దీవులంటారు. పెద్దది ఇనిష్ మోర్, నడిమిది ఇనిష్ మాన్, తూర్పున చిన్నది ఇనిష్ ఇర్. ఐరిష్ భాషలో ఇనిష్ అంటే దీవి, మోర్ అంటే పెద్ద. పేర్లలో కవిత్వమేమీ లేదు. మన పెదలంక, చినలంక లాంటివే.

పొద్దున్నే గాల్వేలో బస్సెక్కితే గంటలో రోసవీల్ రేవు వస్తుంది. అక్కడినుంచి పడవ ప్రయాణం నలభై నిమిషాలు. పడవ అన్నానని మన నరసాపురం రేవులో పంటును ఊహించుకోకండి. రెండంతస్తుల ఫెర్రీ, లోపల అద్దాల గది, మెత్తటి సీట్లు. అయినా అట్లాంటిక్ అట్లాంటిక్కే. రేవు దాటి పది నిమిషాలు కాకముందే పడవ ముందుకు ఊగడం మాని పక్కలకు ఊగడం మొదలుపెట్టింది. గోదారి మీద పెరిగానన్న ధీమా అక్కడితో సరి. పడవ మనిషి ఒకాయన నా మొహం చూసి, పైకెళ్లి గాలి తగిలేచోట నిలబడి, దూరంగా కదలకుండా కనిపించేదాన్ని చూస్తూ ఉండమన్నాడు. కదలకుండా కనిపించింది దీవి ఒక్కటే. బూడిద రంగులో, ఒక వైపు ఎత్తుగా, మరో వైపు నీళ్లలోకి వాలుగా, సముద్రం మీద పరిచిన రాతిపలకలా ఉంది.

పడవలో చెప్పే మాటలు ముందు ఐరిష్‌లో వినిపిస్తాయి, తర్వాత ఇంగ్లిష్‌లో. దేశమంతా పాఠశాలల్లో ఐరిష్ చదువుతారుగానీ, ఇంట్లో, వీధిలో ఇప్పటికీ ఆ భాషే మాట్లాడే కొద్ది ప్రాంతాల్లో అరాన్ ఒకటి. ఇద్దరు ఎదురైతే మొదటివారు “నీకు దేవుడు తోడు” అనే అర్థమొచ్చే మాట అంటారు. రెండోవారు “నీకు దేవుడూ మేరీ తోడు” అంటూ ఒకటి ఎక్కువ చేర్చి బదులిస్తారు. మర్యాదలో ఒక మెట్టు పైకే వెళ్లాలి తప్ప తగ్గకూడదన్నమాట.

నాపరాళ్ల అరుగు

పడవ దిగే ఊరు కిల్‌రోనన్. రేవులోనే అద్దె సైకిళ్లు, మినీ బస్సులు, గుర్రపు బళ్లు వరసగా నిలబడి ఉంటాయి. దీవి పొడవు పద్నాలుగు కిలోమీటర్ల లోపే, వెడల్పు నాలుగుకు మించదు. ఉండేది సుమారు 800 మంది. ఎండ కాసిన వేసవి రోజున అంతకంటే ఎక్కువమంది చూడ్డానికి వస్తారంటే ఆశ్చర్యం లేదు.

ఊరు దాటగానే నేల మారిపోతుంది. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన పాతకాలం అరుగు గుర్తుందా? దాన్ని కిలోమీటర్ల కొద్దీ సాగదీసి, అక్కడక్కడా జానెడు పగుళ్లు పెడితే ఇనిష్ మోర్. రాయి కూడా ఆ జాతిదే, సున్నపురాయి. 30 కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు అడుగు అది. ఎదురుగా కనిపించే క్లేర్ జిల్లాలో బరెన్ అనే రాతి మైదానం ఉంది. ఈ మూడు దీవులూ దాని కొనసాగింపే. మంచుయుగంలో హిమానీనదాలు దీని మీదుగా జారిపోతూ ఉన్న మట్టిని గీకేశాయి. పోతూ పోతూ కనెమరా వైపు నుంచి తెచ్చిన గ్రానైట్ గుండ్లను ఇక్కడ వదిలేశాయి. ఆ గుండ్లు ఇప్పటికీ సున్నపురాతి మీద, ఎవరో తెచ్చి పెట్టి మరిచిపోయినట్టు కూర్చుని ఉన్నాయి.

నది లేదు, వాగు లేదు. పడిన వాన పగుళ్లలోంచి జారి కిందికి పోతుంది. అందుకని మడుల్లో ఏటవాలుగా సిమెంటు పలక పోసి, దాని అడుగున తొట్టి కట్టారు. పలక మీద పడ్డ చినుకు జారి తొట్టిలో చేరుతుంది, ఆవులు తాగుతాయి. అడవి లేదు, వంటచెరకు లేదు. కాల్చుకోవడానికి పీట్ అనే బురదగడ్డలు కనెమరా నుంచి తెరచాప పడవల్లో వచ్చేవి. అవి కొనలేనివాళ్లు ఎండిన పేడ ఏరుకుని పొయ్యిలో వేసేవాళ్లు. ఆ మాట విన్నప్పుడు మా అమ్మమ్మ గోడకు కొట్టిన పిడకలు గుర్తొచ్చాయి.

మట్టి వండిన విధానం

ఇక మట్టి సంగతి. మినీ బస్సు ఆపి, గోడ పక్కన నిలబెట్టి డ్రైవర్ వివరించాడు. వాళ్ల తాతల పని అది.

ముందు బండ మీద ఉన్న రాళ్లన్నీ ఏరాలి. పైకి పొడుచుకొచ్చిన బండను సమ్మెటతో పగలగొట్టి చదును చేయాలి. వచ్చిన రాళ్లను ఎక్కడ పడేయాలి? చుట్టూ గోడగా పేర్చాలి. తర్వాత బండలో ఉన్న పగుళ్లను చిన్న రాళ్లతో, పెళ్లలతో బిగించాలి. లేకపోతే పైన పోసే మట్టంతా మొదటి వానకే పాతాళానికి పోతుంది. అప్పుడు సముద్రపు ఒడ్డుకు దిగి ఇసుక, నాచు గంపలకెత్తుకోవాలి. గంప వీపు మీద, లేదా గాడిద మీద. ఒక వరస ఇసుక, ఒక వరస నాచు, మళ్లీ ఇసుక. పగుళ్ల అడుగున ఎక్కడైనా చారెడు మట్టి కనిపిస్తే అదీ గీకి తెచ్చి కలపాలి. నాచు కుళ్లి, ఇసుకతో కలిసి, ఏళ్లు గడిచే కొద్దీ నేలవుతుంది. అందులో బంగాళాదుంపలు వేస్తారు. పైకప్పుల గడ్డి కోసం రై అనే ధాన్యం వేస్తారు. ప్రతి ఏడూ మళ్లీ నాచు మోయాలి. మానేస్తే నేల పలచబడుతుంది.

ఇలా తరాల తరబడి చేసిన మళ్లు ఇప్పుడు దీవంతా కనిపిస్తాయి. కొన్ని మన ఇంటి పెరడంత కూడా ఉండవు. గోడలు లెక్కపెట్టినవాళ్లు మూడు దీవుల్లో కలిపి సుమారు 2,400 కిలోమీటర్లు ఉంటాయని అంచనా వేశారు. చెన్నైలో రైలెక్కి, మన విజయవాడ, వరంగల్ దాటుకుంటూ ఢిల్లీ వెళ్లినా ఆ దూరం పూర్తికాదు. మూడు దీవుల విస్తీర్ణం మాత్రం 50 చదరపు కిలోమీటర్ల లోపే.

గోడల్లో సున్నం లేదు, సిమెంటు లేదు. దగ్గరికెళ్లి చూస్తే రాయికీ రాయికీ మధ్య సందుల్లోంచి అవతలి ఆకాశం కనిపిస్తుంది. కట్టడం చేతకాక వదిలిన సందులు కావవి. అట్లాంటిక్ గాలికి గట్టి గోడ అడ్డం పెడితే ఒక చలికాలం నిలవదు. సందులుంటే గాలి చీలి, బలం తగ్గి వెళ్తుంది. గోడ నిలుస్తుంది, లోపల మొక్కా బతుకుతుంది. చెవి ఆనించి విన్నాను. గోడ సన్నగా ఈల వేస్తోంది.

ఈ కథలో చేదు ముక్క ఒకటుంది. మట్టి చేసింది వీళ్లు, శిస్తు మాత్రం దొరకు. భూస్వాములు దీవి మొహం చూసేవాళ్లు కాదు, వాళ్ల తరఫు మనుషులు వసూలు చేసేవాళ్లు. తాత బండ మీద గంపలతో పోసిన నేలకు మనవడు కౌలు కట్టాలి, కట్టకపోతే ఇల్లు ఖాళీ చేయాలి. ఐర్లాండ్ అంతటా భూపోరాటం రగిలిన రోజుల్లో, 1881లో, ఈ దీవి జనం ఒక రాత్రి స్థానిక పెత్తందారు పశువుల కళ్లకు గంతలు కట్టి కొండ అంచు మీద నుంచి సముద్రంలోకి తోలేశారు. పశువును ఇంటి మనిషిలా చూసుకునే ఊళ్లో ఆ పని జరిగిందంటే కడుపు ఎంత మండి ఉండాలి! డ్రైవర్ ఆ సంగతి చెప్పి కాసేపు మాట్లాడలేదు. మేమూ ఏమీ అడగలేదు.

సగం కోట, సగం శూన్యం

అందరూ వచ్చేది దూన్ ఎంగస కోసం. కిల్‌మర్వీ దగ్గర బస్సు దిగి, టికెట్ తీసుకుని, కిలోమీటరు దాకా ఎక్కాలి. చివర్లో మెట్లు లేవు, పాదాల రాపిడికి నున్నబడిన రాళ్లే.

పైన ఉన్నది రాతికోట. ఒకదాని లోపల ఒకటిగా అర్ధచంద్రాకారపు గోడలు, రెండు కొసలూ కొండ అంచు దగ్గర ఆగిపోతాయి. నాలుగో వైపు గోడ లేదు. 80 మీటర్లకు పైబడిన నిలువు లోతు, దాని అడుగున సముద్రం. ఆ వైపు కాపలా అక్కర్లేదని వదిలేశారో, ఒకప్పుడు పూర్తి వలయంగా ఉన్న కోటలో సగాన్ని సముద్రం తినేసిందో, పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. 1990ల తవ్వకాల్లో, 3,000 ఏళ్ల కిందటే ఇక్కడ మనుషులున్నట్టు తేలింది. అప్పటికి ఐర్లాండ్‌లో ఇనుము లేదు, కంచే. బయటి గోడ దగ్గర వేల రాళ్లను మొనలు పైకి ఉండేలా ఏటవాలుగా పాతారు. మీదికొచ్చేవాడు పరిగెత్తలేడు, గుర్రం అడుగు వేయలేదు. ఇన్నేళ్ల తర్వాత నా బూట్లకూ అదే గతి పట్టింది.

అంచున రెయిలింగ్ లేదు. వచ్చినవాళ్లంతా చివరి రెండు గజాలు బోర్లా పడుకుని, పాకి, తల మాత్రం బయటపెట్టి కిందికి చూస్తారు. నేనూ పాకాను. కింద అల వచ్చి కొండను తాకిన కొద్ది క్షణాలకు చప్పుడు పైకొచ్చింది. ఆ ఆలస్యంలోనే లోతు తెలుస్తుంది. అక్కడినుంచి పడమరకు సూటిగా వెళ్తే తగిలేది అమెరికా ఖండమే. ఈ దీవి పిల్లలు ఎందరో అటే వెళ్లిపోయారు. మడి చాలని ఇంట్లో ఒక్కడికే నేల మిగిలేది, మిగతావాళ్లకు బోస్టన్ టికెట్.

తిరుగుదారిలో ఇంకొన్ని చూడొచ్చు. కొండ కింద, ఉలితో చెక్కినట్టు దీర్ఘచతురస్రంగా ఒక నీటిగుంట ఉంది. చెక్కింది మనుషులు కాదు, సముద్రమే. స్థానికుల మాటలో దాని పేరుకు పాము బిలం అని అర్థం. సుమారు 27 మీటర్ల పైనుంచి దూకే క్లిఫ్ డైవింగ్ ప్రపంచ సిరీస్ పోటీలు అక్కడ జరిగాయి. పడమటి కొసన ఏడు గుళ్లు అనే చోటుంది. వెళ్లి లెక్కపెడితే రెండే చర్చిలు, మిగతావి యాత్రికుల వసతి గదుల శిథిలాలు. ఐదో శతాబ్దం చివర్లో సెయింట్ ఎండా అనే సాధువు ఇక్కడ మఠం పెట్టాక, ఐర్లాండ్ నలుమూలల నుంచి శిష్యులు పడవల్లో వచ్చి చదువుకుని వెళ్లేవాళ్లు.

సినిమాలో అబద్ధం, మట్టిలో నిజం

ఈ దీవికి లోకంలో పేరు తెచ్చింది 1934 నాటి ‘మ్యాన్ ఆఫ్ అరాన్’. రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన డాక్యుమెంటరీ. పడవలో వెళ్లి భారీ సొరచేపను ఈటెతో వేటాడే దృశ్యం దాని ప్రాణం. చిక్కేమిటంటే, ఆ వేట దీవిలో ఎన్నో దశాబ్దాల కిందటే ఆగిపోయింది. సినిమా కోసం మళ్లీ నేర్పించాల్సి వచ్చింది. తెర మీద కనిపించే తల్లి, తండ్రి, కొడుకు కూడా ఒక కుటుంబం కాదు. అయితే అదే సినిమాలో భర్త సమ్మెటతో బండ పగలగొడుతుంటే భార్య నాచు గంప మోసుకొస్తుంది, పగుళ్లలో చేయిపెట్టి మట్టి తీస్తారు. ఆ భాగం మాత్రం అచ్చంగా దీవి చరిత్రే. ప్రపంచానికి గుర్తుండిపోయింది సొరచేప.

అంతకు ముందే 1898లో కవి యేట్స్ సలహా మీద జె.ఎం. సింగ్ అనే కుర్ర రచయిత ఇక్కడికొచ్చాడు. మొదట ఇనిష్ మోర్‌లో దిగి, తర్వాత నడిమి దీవికి మారాడు. కొడుకులందర్నీ సముద్రానికిచ్చుకున్న తల్లి కథతో ఆయన రాసిన ‘రైడర్స్ టు ది సీ’ 1904లో డబ్లిన్ వేదికెక్కింది. దానికి రెండేళ్ల ముందే చేపలవాళ్ల బతుకు మీద ‘ది రేసింగ్ లగ్’ అనే నాటకం అక్కడే ఆడారు. దాన్ని రాసిన జేమ్స్ కజిన్స్ మనవాళ్లకు కొత్త కాదు. తర్వాత మన మదనపల్లె కళాశాల ప్రిన్సిపాల్ ఆయనే. 1919లో ఠాగూర్ అక్కడ బస చేసినప్పుడు ‘జనగణమన’కు స్వరాలు రాసింది ఆయన భార్య, ఐరిష్ ఆడపడుచు మార్గరెట్ కజిన్స్.

ఈ తరం వాళ్లు ‘ది బాన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్’ చూసి వస్తున్నారు. ఇనిషెరిన్ అనే దీవి ఎక్కడా లేదు, ఆ సినిమాలో కొంత భాగం ఇక్కడ తీశారు. అందులోని పబ్బు ఎక్కడని అడుగుతూ తిరిగేవాళ్లుంటారు. ఆ సెట్టు వేసింది ఇక్కడ కాదు, అకిల్ దీవిలో. 2023 మార్చిలో మన ‘నాటు నాటు’ ఆస్కార్ అందుకున్న రాత్రే ఈ సినిమా తొమ్మిది నామినేషన్లతో వచ్చి ఒక్కటీ గెలవకుండా వెళ్లింది. ఆ సంగతి డ్రైవర్‌కు చెప్పకుండా ఉంటే బాగుండేది. మా మేనకోడలు చెప్పింది. ఆయన నవ్వి, “మా గాడిద మాత్రం బాగా నటించిందండీ” అన్నాడు.

స్వెట్టర్ కథ

కిల్‌రోనన్‌లో ప్రతి దుకాణంలోనూ అరాన్ స్వెట్టర్లే. మీగడ రంగు ఉన్ని, తాళ్లు పేనినట్టు ఉబ్బెత్తు అల్లిక. ఒక్కో కుటుంబానికి ఒక్కో అల్లిక ఉండేదని, సముద్రంలో మునిగి కొట్టుకొచ్చిన శవాన్ని దాన్ని బట్టే గుర్తుపట్టేవాళ్లని దుకాణాల్లో చెబుతారు. వినడానికి ఒళ్లు జలదరిస్తుంది గానీ, దానికి ఆధారం లేదు. సింగ్ నాటకంలో చనిపోయినవాణ్ని మేజోడు అల్లికను బట్టి అక్కచెల్లెళ్లు గుర్తుపడతారు. ఆ కల్పనే పెరిగి పెద్దదై చరిత్రలా చలామణీ అయింది. ఈ అల్లిక ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పుట్టింది, ఆడవాళ్లకు నాలుగు డబ్బులు తెచ్చిపెట్టింది. అదేమీ చిన్న సంగతి కాదు. కొనేటప్పుడు ఒక్కటే అడగండి: చేత్తో అల్లిందా, మిషన్‌దా? ధరలో తేడా అక్కడే ఉంటుంది.

వెళ్లేవాళ్ల కోసం

వీసా: ఐర్లాండ్ షెంగెన్ కూటమిలో లేదు. ఫ్రాన్స్, జర్మనీలకు తీసుకున్న షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఐరిష్ వీసా విడిగా తీసుకోవాలి. బ్రిటన్‌తో ఉమ్మడి పథకం కింద ఇచ్చే కొన్ని వీసాలకు మాత్రం మినహాయింపు ఉంది.

పడవ: గాల్వే నుంచి రోసవీల్ మీదుగా ఏడాది పొడవునా ఉంటుంది, వేసవిలో ఎక్కువ సార్లు నడుస్తుంది. క్లేర్ జిల్లాలోని డూలిన్ నుంచి సీజన్‌లో మాత్రమే. సముద్రం బాగా లేకపోతే పడవలు ఆపేస్తారు. మర్నాటికి విమానం పెట్టుకుని వెళ్లకండి.

దీవిలో: సైకిల్ తొక్కగలిగితే అదే మేలు. కిల్‌రోనన్ నుంచి కోట దాకా ఏడెనిమిది కిలోమీటర్లు. మే నుంచి సెప్టెంబర్ దాకా బాగుంటుంది. ఎండ కాస్తున్నా గాలికి ఆగే కోటు, పట్టున్న బూట్లు తప్పనిసరి. పిల్లలతో వెళ్తే కొండ అంచు దగ్గర చెయ్యి వదలొద్దు.

తిరుగు పడవ

సాయంత్రం రేవు గోడ మీద ఒక కరక్ బోర్లించి ఉంది. సన్నటి చెక్కబద్దల చట్రం, దాని మీద తారు పూసిన గుడ్డ. మన కృష్ణలో చేపలవాళ్ల పుట్టి లాంటిదే, కాకపోతే పొడవాటిది. దాన్ని చేత్తో తట్టి చూశాను, డప్పులా మోగింది. ఇంత పలచటి దాంట్లో ఆ సముద్రం మీదికి వెళ్లి, వచ్చి, మళ్లీ నాచు గంప ఎత్తుకుని గుట్ట ఎక్కేవాళ్లన్నమాట.

పడవ కదిలాక దీవిని మళ్లీ చూశాను. పొద్దున సముద్రం మీద రాతిపలకలా కనిపించింది ఇప్పుడు వలలా ఉంది. గోడలన్నీ గళ్లు, గడి గడిలో కాస్త పచ్చదనం. ఆ పచ్చదనం కింద ఉన్న ప్రతి అంగుళం ఎవరో ఒకరి వీపు మీద ఒడ్డు నుంచి పైకొచ్చిందే.

వెళ్తే కొండ అంచు చూడండి, చూడాల్సిందే. వచ్చేటప్పుడు కాసేపు సైకిల్ దిగి ఏదో ఒక మడి దగ్గర ఆగండి. ఫొటో కోసం గోడ ఎక్కొద్దు. చెయ్యి తగిలి రాయి జారితే, ఎక్కడిది అక్కడ తిరిగి పెట్టి రండి.